మొహం చూస్తూ కొట్టడం

కథల మీద రాసేటప్పుడు నేను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ రచయిత ఎవరిని పాఠకుడిగా ఊహించుకుని రాశాడు? ఆ ఊహలోకి ఎవరు రాలేదు? ఈ ప్రశ్నతో కొందరు రచయితల్ని బాగానే ఇబ్బంది పెట్టాను. పగలంతా ఆఫీసులో నేను రాసేవాటి గురించి మాత్రం ఎప్పుడూ అడుక్కోలేదు. నేను రాసేవి ఫారాలు. పేరు, వయసు, జిల్లా, ఫోన్ నంబరు. వాటికీ పాఠకులుంటారని ఎవరనుకుంటారు?

ఈ వ్యాసం ఒక డ్రాప్‌డౌన్ గురించి. తెర మీద ఒక గడి, దాని కుడి చివర కిందికి చూసే చిన్న బాణం, నొక్కితే జారే జాబితా. రైలు టికెట్టు దగ్గర్నుంచి పరీక్ష దరఖాస్తు దాకా మనందరం రోజూ తగిలి దాటిపోయేదే. సాహిత్య పత్రికలో దీని గోలేమిటని విసుక్కోకండి. నా వృత్తిలో నేను చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. అది తప్పేనా, అయితే ఏ రకం తప్పు అన్నది తేల్చుకోడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా తేలిందని చెప్పలేను.

*

నల్గొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి మా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంది. రోగి వచ్చినప్పుడు కౌంటర్లో వివరాలు ఎక్కించే ఫారం చాలా పాతది. బూడిదరంగు గడులు, బ్రౌజరు తనంతట తాను ఇచ్చే మామూలు జాబితాలు. చూడ్డానికి బాలేదు. దాన్ని కొత్తగా చేసే పని నాకొచ్చింది. చేశాను. గుండ్రటి అంచులు, మెత్తగా తెరుచుకునే జాబితాలు, ప్రతి జాబితా పైన వెతుక్కోడానికి ఒక గడి. డెమోలో అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడాది అప్రైజల్లో నేను చేసిన పనుల్లో మొదటి వరస అదే.

విడుదలైన రెండు నెలలకి వేరే పని మీద ఆ ఊరెళ్ళాను. ఖాళీ దొరికితే కౌంటర్ వెనక కుర్చీ వేసుకుని కూచున్నాను, నేను చేసింది ఎలా నడుస్తోందో చూసుకుందామని. నిజం చెప్పాలంటే కాస్త మురుసుకుందామని కూడా.

కౌంటర్లో ఉన్నావిడకి నలభై దాటి ఉంటాయి. రాష్ట్రం వచ్చిన ఏడాది చేరారట. ఒక ముసలాయన వచ్చాడు, పక్కన ఆయన మనవడు. "ఏ ఊరు తాతా?" అని అడిగి ఆమె తెర వైపు తిరిగారు. మౌసు పట్టుకున్నారు. బాణం ఎక్కడుందో వెతికారు, నొక్కారు, జాబితా మెత్తగా తెరుచుకుంది. మౌసు వదిలి మూడక్షరాలు కొట్టారు. మళ్ళీ మౌసు పట్టుకుని పేరు మీద నొక్కారు. ఈలోపు తాత ఇంకేదో చెప్పాడు. ఆమె వినలేదు. మనవడు మళ్ళీ చెప్పాడు.

జనం కాస్త తగ్గాక, కొత్త ఫారం ఎలా ఉంది మేడమ్ అనడిగాను.

"మంచిగనే ఉంది సార్," అన్నారు. కంపెనీ నుంచి వచ్చినవాడికి ఎవరైనా చెప్పే జవాబే అది. కాసేపాగి అన్నారు: "ఇంతకుముందు మనిషి మొకం చూస్కుంటనే కొడుతుంటి. ఇప్పుడు మొకం చూస్తలేను. బాణం యాడుందో చూస్కునుడే సరిపోతుంది. నాకే ఇంకా అలవాటు కాలేదేమో."

*

ఆమె మాట అర్థం కావాలంటే పాత ఫారం ఎలా పనిచేసేదో కొంచెం చెప్పాలి.

బ్రౌజరిచ్చే మామూలు జాబితాకి మౌసు అక్కర్లేదు. ట్యాబ్ నొక్కితే దాని మీదికి వెళ్తాం. ఒక అక్షరం కొడితే ఆ అక్షరంతో మొదలయ్యే మొదటి పేరు వస్తుంది. అదే అక్షరం మళ్ళీ కొడితే రెండోది. వెంటవెంటనే రెండు మూడు వేర్వేరు అక్షరాలు కొడితే వాటిని కలిపి ఒక మాటగా తీసుకుంటుంది. పైకీ కిందికీ బాణాలున్నాయి. మొదటికి హోమ్, చివరికి ఎండ్. తెరిచింది మూసెయ్యాలంటే ఎస్కేప్. మళ్ళీ ట్యాబ్ కొడితే తర్వాతి గడి. ఇవేవీ నిన్నమొన్న పుట్టిన మర్యాదలు కావు. 1987లో ఐబీఎమ్ ప్రకటించిన కామన్ యూజర్ యాక్సెస్ నియమాల కాలం నుంచి ఇలాంటివి స్థిరపడుతూ వచ్చాయి. గడి నుంచి గడికి ట్యాబ్, ఒక గుంపు లోపల బాణాలు అన్న పద్ధతి ముప్పై ఏళ్ళకి పైగా కోట్ల చేతులకి అలవాటైంది.

ఆమె చేరినప్పుడు తెలంగాణలో 10 జిల్లాలు. ఇంగ్లీషు జాబితాలో ఎన్ అక్షరం ఒక్కసారి కొడితే నల్గొండ. 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33. పాత నల్గొండ జిల్లా మూడు ముక్కలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. నల్గొండకి ముందు నాగర్‌కర్నూల్ వచ్చి చేరింది కాబట్టి ఎన్ రెండుసార్లు కొట్టాలి. సంగారెడ్డి, సిద్దిపేటల తర్వాత సూర్యాపేట, ఎస్ మూడుసార్లు. యాదాద్రికి వై ఒక్కసారి చాలు, ఆ అక్షరంతో ఇంకే జిల్లా లేదు. ఆ కౌంటర్‌కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఈ మూడు జిల్లాలవాళ్ళే. ఎన్ ఎన్, ఎస్ ఎస్ ఎస్, వై. ఆమె వేళ్ళకి ఇది నోటికొచ్చిన పద్యంలాంటిది. ప్రభుత్వం జిల్లాలు మార్చినప్పుడు వేళ్ళు కొత్త పద్యం నేర్చుకున్నాయి. కళ్ళకి ఆ పనితో సంబంధమే లేదు. అవి ఎదుటి మనిషి మీద ఉండేవి.

నేను చేసిన అందమైన జాబితా అసలు జాబితా కాదు, జాబితా బొమ్మ. ట్యాబ్ కొడితే బ్రౌజరు దాన్ని దాటుకుని పోతుంది. కీబోర్డు వరకూ అక్కడ ఏమీ లేనట్టే. మౌసుతో తెరిచి, వెతుకుడు గడిలో నాలుగక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే, పేరు ఎంపిక కావడానికి బదులు సగం నింపిన ఫారం మొత్తం సబ్మిట్ అయి ఎర్ర అక్షరాలతో తప్పులు చూపించేది. రెండుసార్లు అలా జరిగాక ఆమె ఎంటర్ జోలికి పోవడం మానేశారు. మా టెస్టింగ్ టీమ్ పట్టుకోలేదు, వాళ్ళూ నాలాగే మౌసుతో చూశారు.

*

హైదరాబాదుకి తిరిగొస్తూ బస్సులో లెక్క వేశాను. ఇంజినీర్లం కదా, మొదట వచ్చేది లెక్కే. రోజుకి రెండొందలమంది రోగులు, మనిషికి మూడు జాబితాలు, ఒక్కోదానికి నాలుగు సెకన్లు అదనం అనుకుందాం. 2,400 సెకన్లు. నలభై నిమిషాలు.

ఇలాంటి లెక్కకి మా వృత్తిలో పెద్ద పరంపరే ఉంది. 1983లో మాకింటాష్ తయారవుతున్నప్పుడు, అది మొదలవడానికి చాలాసేపు పడుతోందని స్టీవ్ జాబ్స్ ఒక ఇంజినీరు వెంటపడ్డాడని ఆ టీములోనే పనిచేసిన ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ రాశాడు. పది సెకన్లు తగ్గిస్తే, యాభై లక్షలమంది రోజుకొకసారి మిషను వేస్తే, రోజుకి ఐదుకోట్ల సెకన్లు మిగులుతాయి. ఏడాది తిరిగేసరికి కొన్ని డజన్ల జీవితాలు కాపాడినట్టే అన్నది ఆయన వాదన. వినడానికి ఉత్తేజంగా ఉంటుంది. కానీ ఎక్కడో తేడా కొడుతుంది. యాభై లక్షలమందికి తలా పది సెకన్లు మిగిలితే ఒక్కడి ప్రాణమూ నిలబడదు. పది సెకన్లలో మనిషి ఆవులిస్తాడు, అంతే.

మరి చెల్లాచెదురైన చిన్న నష్టాలకి విలువ లేనట్టేనా? ఇక్కడ నాకు డెరెక్ పార్ఫిట్ అడ్డొచ్చాడు. 1984లో వచ్చిన 'రీజన్స్ అండ్ పర్సన్స్'లో ఆయన ఒక ఊహ చేస్తాడు. ఒకప్పుడు వెయ్యిమంది హింసకులుండేవాళ్ళు, ఒక్కొక్కడికి ఒక్కో బాధితుడు. బటన్ వెయ్యిసార్లు నొక్కితే బాధితుడు భరించలేని నొప్పిలో ఉంటాడు. ఇప్పుడు పద్ధతి మార్చారు. ప్రతివాడూ వెయ్యిమందిలో ఒక్కొక్కరి మీదా ఒక్కసారి చొప్పున నొక్కుతాడు. ఒక నొక్కుడుతో ఎవరి నొప్పీ తెలిసేంతగా పెరగదు. కానీ చివరికి వెయ్యిమందీ మునుపటి నొప్పిలోనే ఉంటారు. ఎవర్ని నిలదీసినా, నా వల్ల ఎవరికీ ఏమీ కాలేదే అంటాడు.

ఇది చదివినప్పుడు తత్వవేత్తల వింత ఊహ అనుకున్నాను. ఆ బస్సులో అది నా ఉద్యోగవర్ణనలా తోచింది. కౌంటర్లో ఆమెకి రోజు గడవడం కష్టమైతే అందులో నా జాబితా వాటా నాలుగు సెకన్లు. ప్రింటరు డ్రైవరు రాసినవాడి వాటా ఇంకో ఐదు. ప్రతి పది నిమిషాలకీ లాగిన్ అడిగే నియమం పెట్టినవాడిది ఇంకొంత. మేమెవ్వరం ఆమెకి ఏమీ చెయ్యలేదు. అందరం కలిసి ఒక మనిషి రోజుని చిదిపేశాం.

పార్ఫిట్ చెప్పేది ఏమిటంటే, నా ఒక్క చర్య ఎవరికైనా తెలిసేంత హాని చేసిందా అని మాత్రమే చూసుకుంటే నీతిలెక్క తప్పుతుందని. మేమందరం కలిసి చేస్తున్నదానిలో నేనొక భాగమా అని కూడా అడగాలి. దీన్ని ఒప్పుకుంటాను. కానీ నా కేసులో ఇది కూడా పూర్తిగా సరిపోలేదు. ఎందుకంటే ఆమె నాతో నొప్పి గురించి అనలేదు, టైము గురించీ అనలేదు. ఆలస్యం అయితంది అననేలేదు. మొకం చూస్తలేను అన్నారు.

*

అలవాటైన చేతిలో ఉండే జ్ఞానం గురించి మెర్లో పాంటీ 1945లో, 'ఫెనామెనాలజీ ఆఫ్ పర్సెప్షన్' అని ఇంగ్లీషులో పేరుబడ్డ పుస్తకంలో రాశాడు. టైపు కొట్టడం వచ్చిన మనిషి ఏ అక్షరం ఎక్కడుందో చెప్పలేకపోవచ్చు. కానీ చేతులకి తెలుసు. అంధుడి చేతికర్ర కొంతకాలానికి కర్రగా ఉండడం మానేసి తాకే వేలికొస అవుతుంది. పనిముట్టు కనబడకుండా పోయినప్పుడే దాని అవతలున్న ప్రపంచం కనబడుతుంది. మన ఇళ్ళల్లో దీనికి పుస్తకాలు అక్కర్లేదు. మా అమ్మమ్మ జంతికల గొట్టం తిప్పుతూ, మూకుడు వంక చూడకుండానే, గుమ్మంలో నిలబడ్డవాళ్ళ పెళ్ళి సంబంధాలు మాట్లాడేది.

అంటే నేను తీసేసుకున్నది నలభై నిమిషాలు కాదు. కీబోర్డు ఆమెకి ఇచ్చిన అసలు సౌకర్యం వేగం కాదు, చూపుని ఎక్కడ పెట్టుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ. ఒంట్లో బాలేక, భయపడుతూ ఆసుపత్రికొచ్చిన మనిషికి అక్కడ ఎదురయ్యే మొదటి మొహం ఆమెది. ఆమె అతని కళ్ళలోకి చూస్తూ ఊరు పేరు అడగడం సాఫ్ట్‌వేర్ స్పెసిఫికేషన్‌లో ఎక్కడా లేదు. జీతంలో లేదు. ఎవరూ అడక్కపోయినా ఆమె తన పనికి తను కలుపుకున్న మర్యాద అది. నా మెత్తటి జాబితా మీద పడి దాన్ని లాక్కుంది.

ఇది ఎంతమందికి ఎన్ని సెకన్లు అన్న లెక్కలోకి రాదు. ఒకవేళ నా కొత్త జాబితా నిజంగానే పాతదానికంటే వేగంగా ఉన్నా ఈ నష్టం అలాగే ఉండేది. ఇది ఊరికే అనడం లేదు. ఆపిల్‌లో ఇంటర్‌ఫేసులు చూసిన బ్రూస్ టాగ్నజీని 1989లో ఒక మాట రాశాడు: కీబోర్డే వేగమని జనం అంటారు, స్టాప్‌వాచ్ మాత్రం మౌసే వేగమని చూపిస్తుంది అని. దీని మీద ఇప్పటికీ గొడవలున్నాయి. ఆయనదే నిజమనుకుందాం. స్టాప్‌వాచ్ చేతిని కొలుస్తుంది. ఆ రెండు సెకన్లూ కళ్ళు ఎక్కడున్నాయో అది కొలవదు.

*

నాకు నేనే వేసుకున్న అభ్యంతరాలు కొన్నున్నాయి. తేలిగ్గా కొట్టెయ్యదగ్గవి కావు.

మొదటిది: మార్పు వచ్చిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి నైపుణ్యం వృథా అవుతుంది. దానికి ఏడుస్తూ కూచుంటే ఏదీ మారదు. 1984లో వచ్చిన మొదటి మాకింటాష్ కీబోర్డుకి బాణం మీటలే లేవు. మరిచిపోయి కాదు, కావాలనే. అవుంటే జనం పాత అలవాటుతో మౌసు ముట్టరని, ప్రోగ్రాములు రాసేవాళ్ళు పాతవాటినే తెచ్చి ఇందులో కుక్కుతారని జాబ్స్ భయం. ఆ భయం అర్థంలేనిది కాదు. బలవంతం చెయ్యకపోతే కొత్త రకం ప్రోగ్రాములు అంత త్వరగా వచ్చేవి కావేమో. కానీ 1986లో మాకింటాష్ ప్లస్‌తో బాణాలు తిరిగొచ్చాయి. నేర్పడానికి చేసే బలవంతానికి ఒక గడువు ఉండాలని, నేర్చుకున్నాక రెండు దారులూ తెరిచి ఉంచాలని ఇందులో నాకు కనిపించేది. ఆ మాటకొస్తే మౌసుని లోకానికి చూపించిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్, 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన ప్రదర్శనలో ఒక చేత్తో మౌసు పట్టుకుని రెండో చేత్తో ఐదు మీటల పలక వాయించాడు. ఒకటొచ్చి ఇంకోదాన్ని మింగాలని ఆయన అనుకున్నట్టు లేదు.

పైగా నా మార్పు దేన్నీ నేర్పడానికి కాదు. బావుంటుందని.

రెండోది: ఆమె ఫిర్యాదు చెయ్యలేదు కదా. రెండు నెలల్లో ఒక్క టికెట్టు రాలేదు. మా భాషలో దాన్ని 'యూజర్ యాక్సెప్టెన్స్' అంటారు. ఆమె ఎందుకు ఫిర్యాదు చెయ్యలేదో ఆమే చెప్పారు: నాకే అలవాటు కాలేదేమో. పదకొండేళ్ళుగా రెప్పపాటులో చేసిన పని ఒక సోమవారం పొద్దున హఠాత్తుగా రాకుండా పోతే, తప్పు తనదే అనుకున్నారు. నన్ను ఎక్కువ గుచ్చింది ఇదే. చేతిలో ఉన్న విద్య తీసుకోవడమే కాదు, అది పోయినందుకు సిగ్గు కూడా ఆమెకే వదిలాను. ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని పై అంతస్తులో కూచున్నవాళ్ళు అనుకోవడం కొత్తేమీ కాదు. కథల్లో ఇలాంటి పాత్ర కనబడితే నేను చీల్చి చెండాడేవాణ్ణి.

మూడోది నిజంగా కష్టమైనది: కొత్తగా చేరినవాళ్ళకి నా జాబితాయే తేలిక. వెతుకుడు గడి వాళ్ళకి చూడగానే అర్థమవుతుంది. ఎన్ ఎన్ అని ఎవరూ చెప్పకుండా ఎవరికి తెలుస్తుంది? కొత్తవాళ్ళ సౌకర్యం, పాతవాళ్ళ నైపుణ్యం పోటీపడితే ఎటువైపు నిలబడాలి? దీనికి సూత్రం నా దగ్గర లేదు. కానీ చాలాసార్లు ఆ పోటీ నిజమైనది కాదని, మన బద్ధకమే దాన్ని తయారుచేస్తుందని చెప్పగలను. మౌసుతో పనిచేసే జాబితాకి కీబోర్డు మర్యాదలు కూడా నేర్పడానికి నాకు మూడు రోజులు పట్టేది. ఆ మూడు రోజులు నేను అంచుల గుండ్రదనం మీద ఖర్చు పెట్టాను.

*

తిరిగొచ్చాక ఒక పని చేశాను. మౌసు తీగ పీకేసి, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్‌రీడరు పెట్టుకుని, తెర ఆపేసి నా ఫారం నింపబోయాను. ఎన్‌వీడీఏ ఉచితం. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియన్ ప్రోగ్రామర్లు 2006లో మొదలుపెట్టింది. పేరు చదివింది, వయసు చదివింది, అక్కణ్ణుంచి నేరుగా ఫోన్ నంబరు దగ్గరికి వెళ్ళిపోయింది. జిల్లా అనే గడి ఉందని కూడా చెప్పలేదు. కౌంటర్లో ఆమెకి నా జాబితా ఒక అసౌకర్యం. ఆ కుర్చీలో చూపులేని మనిషి ఉంటే అది తలుపులేని గోడ. చేతులు వణికే మనిషికి, మౌసుని గురిపెట్టలేని మనిషికి కూడా అంతే.

కీబోర్డుతో చేరుకోగలగాలన్నది వెబ్ ప్రమాణాల్లో మొదటి మెట్టు. 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0లో ఉంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం అందుబాటు గురించి మాట్లాడుతుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవల్ని అందుకోగలగడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. బ్యాంకుల వాళ్ళు ఆన్‌లైన్‌లో గుర్తింపు తనిఖీ కోసం కళ్ళార్పమని అడిగితే ఆర్పలేనివాళ్ళు, తెర చూడలేనివాళ్ళు వేసిన కేసులవి.

ఆఫీసుల్లో దీన్ని అమ్మడానికి మేం ఒక వాదన వాడతాం: వికలాంగుల కోసం చేసింది అందరికీ పనికొస్తుంది. చక్రాల కుర్చీ కోసం ఫుట్‌పాత్‌కి పెట్టిన వాలు పిల్లల బండికీ పనికొచ్చినట్టు. నేనూ మీటింగుల్లో ఇదే చెప్పాను, పని జరిగింది. కానీ చెబుతున్నప్పుడు నోట్లో ఏదో చేదుగా ఉంది. ఒకవేళ అది ఇంకెవరికీ పనికిరాకపోతే? ఆ ఒక్క మనిషికే పనికొస్తే? అప్పుడు చెయ్యనక్కర్లేదా? లాభం చూపించి హక్కుని ఒప్పించడమంటే, లాభం లేనిరోజు దాన్ని వదులుకోవచ్చని ముందే ఒప్పేసుకోవడం. అయినా ఆ వాదన వాడాను, ఇంకోసారి అవసరమైతే వాడతాను కూడా. గోడకి తలుపు పెట్టించడం ముఖ్యం కదా అని సర్దిచెప్పుకుంటాను.

*

జిల్లాల జాబితా సరిచెయ్యడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. రాసింది కాదు, తీసెయ్యడం. నా నాలుగొందల చిల్లర వరసలు కొట్టేసి బ్రౌజరు జాబితాని తిరిగి పెట్టాను. డాక్టర్ల జాబితాకి మాత్రం బ్రౌజరుది చాలలేదు. పేరుతోబాటు విభాగం, ఆ రోజు ఉన్నారా లేదా అన్నది కూడా చూపించాలి. దాన్ని చేత్తోనే కట్టాలి. కట్టడం మొదలుపెట్టాకే, మామూలు జాబితాలో ఎవరో ఎప్పుడో ఎన్ని చిన్న నిర్ణయాలు తీసుకున్నారో తెలిసొచ్చింది.

ఒక ఉదాహరణ. రెండక్షరాల మధ్య ఎంతసేపు ఆగితే వాటిని ఒకే మాటగా తీసుకోవాలి? నేను అరసెకను పెట్టాను, నా వేళ్ళకి అది చాలు. అరసెకనులో రెండో అక్షరం కొట్టలేనివాళ్ళకి జాబితా ఇంకెక్కడికో ఎగిరిపోతుంది. ఆ ఒక్క అంకెలో నేను ఎవరి వేళ్ళని ఊహించుకున్నానో రాసి ఉంది. ఇప్పుడు దాన్ని పెంచాను. ఎంత పెంచినా ఎవరో ఒకరు బయటే ఉంటారు. అందుకే బాణాలు కూడా ఉండాలి.

ఇంకోటి. బాణంతో ఒక పేరు మీదినుంచి పోతున్నప్పుడు, ఆ పేరుని ఎంచుకున్నట్టా, కేవలం చూస్తున్నట్టా? నా మొదటి ప్రయత్నంలో రెండూ ఒకటే. కిందికి పోతున్నకొద్దీ ప్రతి డాక్టరు అపాయింట్‌మెంట్లూ గబగబా తెరుచుకునేవి. మేం దీన్ని ఫోకస్, సెలెక్షన్ అని రెండుగా విడదీస్తాం. చూపు ఆనడం వేరు, ఒప్పుకోవడం వేరు. బట్టలకొట్టులో చీర ముట్టుకుంటే కొన్నట్టు కాదు కదా. తప్పు జరగదనే భరోసాతో చూసే వీలు లేకపోతే అది ఎంపిక కాదు. మౌసు వాడేవాళ్ళకి ఈ వీలు ఎప్పుడూ ఉంది, నొక్కకుండా చూపుడుబాణాన్ని తిప్పుకోవచ్చు. కీబోర్డు వాళ్ళకి మాత్రం చూడటమే సంతకంగా మార్చేశాను.

ఇంతలో ఆసుపత్రి వాళ్ళు ఇంకో కోరిక కోరారు: ఫారం తెలుగులో కావాలి. నాకు సంతోషం వేసింది, ఇన్నాళ్ళకి నేను రాసేది తెలుగులో ఉంటుందని. జాబితా తెలుగు అక్షరక్రమంలో పెడితే నల్గొండ ముందొస్తుంది, నాగర్‌కర్నూల్ తర్వాత. న ముందు, నా తర్వాత. ఇంగ్లీషులో వరస దీనికి తిరగబడి ఉంది. కౌంటర్లో కీబోర్డు ఇంగ్లీషుదే. కాబట్టి ఇంగ్లీషు మీటలకి తెలుగు పేర్లు పలికేలా ఏర్పాటు చెయ్యాలి. చేస్తే, ఆమె వేళ్ళు అలవాటుగా ఎన్ ఎన్ అంటాయి, నాగర్‌కర్నూల్ పడుతుంది. ఆమె చూడరు, ఆమె కళ్ళు రోగి మీద ఉంటాయి. నల్గొండ మనిషి నాగర్‌కర్నూల్ లెక్కలోకి పోతాడు, ఎవరికీ తెలియదు.

నా భాష మీద నాకున్న ప్రేమ, ఆమె చేతిలో ఉన్న విద్య ఇక్కడ ఎదురెదురుగా నిలబడ్డాయి. చివరికి పేర్లు తెలుగులో పెట్టి వరస పాతదే ఉంచాను. అక్షరక్రమం తప్పిన తెలుగు జాబితా అది. చూసిన ప్రతిసారీ పంటికింద రాయిలా ఉంటుంది. కొత్తగా చేరే తెలుగు మీడియం పిల్లకి ఈ వరసలో తర్కం కనబడదు. ఆ పిల్లకి కూడా నేను బాకీయే. ఈ నిర్ణయం సరైందని ప్రమాణం చెయ్యలేను. ఈసారి ఎవరిని ఇబ్బంది పెడుతున్నానో తెలిసి పెడుతున్నాను, అంతే తేడా.

*

పాత జాబితా తిరిగి పెట్టిన నెలకి ఆమెతో ఫోనులో మాట్లాడే పని పడింది. ఫారం ఎలా ఉందని అడిగాను.

"ఇప్పుడు మంచిగుంది సార్. నాకు అలవాటైంది," అన్నారు.

అలవాటైంది మీకు కాదు మేడమ్, చెడగొట్టింది నేను, బాగు చేసింది కూడా నేనే, మీ చేతులకి ఎప్పుడూ ఏమీ కాలేదు అని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. "సంతోషం మేడమ్," అని పెట్టేశాను. మా రికార్డుల్లో ఆ మార్పు 'చిన్న సవరణ' అన్న పేరుతో ఉంది. ఎవరి పొరపాటుని సవరించిందో అందులో లేదు. అప్రైజల్ కాయితంలో మొదటి వరస ఇంకా అలాగే ఉంది.

వచ్చే నెల మళ్ళీ ఆ ఊరెళ్ళాలి. ఈసారి ఫోనులో కాదు, మొహం చూస్తూ చెప్పాలి.